గప్పీలు పెంచడం తేలికే... ఆపడమే కష్టం!

ఫ్లాట్లో కుక్కను పెంచుదామంటే అసోసియేషన్ వాళ్లతో పేచీ. పిల్లి పేరెత్తితే అత్తయ్యకు పడదు. రామచిలకను పంజరంలో పెట్టడం చట్టం ప్రకారం నేరం. ఇక మిగిలినవి చేపలే! అందుకే కాబోలు, మా కొండాపూర్, మాదాపూర్ వైపు ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా హాల్లో టీవీ పక్కన ఓ గాజు తొట్టి కనిపిస్తుంది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎటు చూసినా బండరాళ్లే. ఇప్పుడు ఇరవయ్యో అంతస్తులో పుట్టి పెరుగుతున్న పిల్లలకు గడపలో ఆవు లేదు, పెరట్లో కోడి లేదు. ఒక ప్రాణి మరో ప్రాణికి జన్మనివ్వడం కళ్లారా చూడాలంటే ఆ తొట్టే దిక్కు.

అయితే ఆ తొట్లు ఎక్కువకాలం కళకళలాడవు. పుట్టినరోజుకు కొన్న చేపలు పదిహేను రోజులకు ఒక్కటీ మిగలదు. "మా చేతికి అచ్చిరాలేదండీ" అంటారు. చేతిలో ఏముంది, ఉన్నదంతా నీళ్లలోనే! నేను పదకొండేళ్లుగా గప్పీలు, ప్లాటీలు, మోలీలు పెంచుతున్నాను. చచ్చిపోతున్నాయని అడిగేవాళ్లకు చెప్పే జవాబు చిన్నదే. "ఇన్నయిపోయాయి, ఏం చేసుకోను?" అని అడిగేవాళ్లకు చెప్పాల్సిందే చాలా ఉంది.

ముందు ఈ చేపల సంగతి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్... ఈ నాలుగూ బయట గుడ్లు పెట్టవు. గుడ్లు తల్లి కడుపులోనే ఎదిగి పిల్లలుగా బయటికొస్తాయి. పుట్టిన నిమిషంలోనే ఈదుకుంటూ వెళ్లి నాచులో దాక్కుంటాయి. చేప పిల్లకు ఈత నేర్పాలా అన్న మన సామెతకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? వీటి సొంతూళ్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర తీరం, ట్రినిడాడ్ దీవి. గప్పీ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. రాబర్ట్ జాన్ లెచ్‌మీర్ గప్పీ అనే ఆయన 1866లో ట్రినిడాడ్ నుంచి ఈ చేపల్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి పంపాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. మాదాపూర్లో ఇవాళ ఒక జత గప్పీలకయ్యే డబ్బు పక్కనే ఉన్న కాఫీ షాపులో ఒక కప్పుకు చాలదు. చవక కదా అని తేలిగ్గా కొనేస్తాం. చిక్కంతా అక్కడే మొదలు.

నీళ్లే అసలు సంగతి

కొత్త తొట్టిలో చేపలు చచ్చిపోవడానికి దిష్టి కారణం కాదు, అమ్మోనియా! చేపల విసర్జన నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అది పుడుతుంది. కంటికి కనపడదు. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా చేపకు విషమే. పాత తొట్టిలో ఫిల్టర్ స్పాంజికి, గులకరాళ్లకు పట్టి ఉండే మంచి బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా ఉండదు. కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలలో తోడు వేసినట్టే ఇదీ. ఎవరింట్లోనైనా బాగా నడుస్తున్న తొట్టి ఉంటే వాళ్ల ఫిల్టర్లోంచి మురికి పట్టిన స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుని మీ ఫిల్టర్లో పెట్టండి. తోడు త్వరగా పడుతుంది. మొదట రెండు మూడు చేపలతోనే మొదలుపెట్టండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. ఆదివారం వచ్చిందని తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు, స్పాంజి పంపు కింద పెట్టి తళతళలాడేలా కడిగేవాళ్లున్నారు చూశారూ... పెరుగు గిన్నెను తోడు చుక్క కూడా మిగలకుండా తోమేసినట్టే! స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే ఒకసారి పిండితే చాలు.

ఇంకో ముచ్చట. చేపలమీద ప్రేమ కొద్దీ ఆర్వో మిషను నీళ్లు పోసేవాళ్లు మా అపార్టుమెంట్లోనే ముగ్గురున్నారు. ఈ జాతులకు ఆ చప్పటి నీళ్లు పడవు. వీటికి లవణాలున్న, కాస్త కఠినమైన నీళ్లే ఇష్టం. మనం బకెట్ల అడుగున తెల్లగా గార కడుతోందని విసుక్కునే బోరు నీళ్లున్నాయే, గప్పీలకు, మోలీలకు అవి అమృతం! మోలీలైతే మెల్లగా అలవాటు చేస్తే ఉప్పు నీళ్లలోనూ బతుకుతాయి. మున్సిపల్ నీళ్లలో మాత్రం క్లోరిన్ ఉంటుంది కనుక బకెట్లో పట్టి ఒక రోజంతా మూతలేకుండా ఉంచాకే పొయ్యాలి. ఎండాకాలం వస్తే మన సంపులో ఒక రోజు బోరు, ఒక రోజు మంజీరా, ఒక రోజు ఎక్కడిదో ట్యాంకరు నీళ్లు. ఆ మూడు నెలలూ ఒకేసారి ఎక్కువ మార్చకుండా, రోజూ చెంబెడు తీసి చెంబెడు పోయడం మేలు. తీసిన నీళ్లు కరివేపాకు కుండీకి పోయండి. ఆ మొక్క ఎలా చిగురిస్తుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

మన ఐటీ కాలనీలకే ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకోటుంది... అమెరికా షిఫ్టు! రాత్రి రెండింటిదాకా హాల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. చేపలకు రెప్పలు లేవు కానీ నిద్ర అవసరమే. తొట్టి లైటు రోజుకు ఎనిమిది, పది గంటలు మించకూడదు. రాత్రి డ్యూటీ ఉన్న ఇంట్లో తొట్టిమీద ఒక పాత దుప్పటి కప్పేస్తే సరి. మేత కూడా అంతే, రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. పొద్దున అమ్మ, మధ్యాహ్నం నాన్నమ్మ, సాయంత్రం పాపాయి ఎవరికి వారు "పాపం ఆకలేస్తుందేమో" అని చిటికెడు వేస్తుంటే, ఆ చిటికెళ్లే అమ్మోనియా అవుతాయి.

పురుడు, పుట్టిల్లు

షాపులో పిల్లలకు నచ్చేవన్నీ మగచేపలే. నెమలి పింఛంలాంటి తోకలు, ఎరుపు, నీలం మచ్చలు మగవాటికే. ఆడది ఆకారంలో పెద్దది, రంగులో వెలవెల. అందంగా ఉన్నాయని అన్నీ మగవి తెచ్చి, "జంట ఉండాలిగా" అని ఒక్క ఆడచేపను వాటి మధ్య వదులుతారు. ఇక దాని బాధ చూడాలి! మగవి పొద్దస్తమానం వెంటపడతాయి, దానికి తిండి తినే తీరిక కూడా దొరకదు. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలన్నది అనుభవజ్ఞుల లెక్క.

ఆడచేప పొట్ట వెనకభాగంలో నల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. అది ముదిరి, పొట్ట పలకగా తయారైతే నెలలు నిండినట్టే. నెలలంటే మనలా తొమ్మిది కాదు, ఇంచుమించు నాలుగు వారాలు. ఒక్కో కాన్పుకు పాతిక, ముప్పై పిల్లలు మామూలే. పెద్ద చేపకు ఇంకా ఎక్కువే పుడతాయి. "అక్కా, తొట్టిలో మగచేపే లేదు, అయినా పిల్లలు పెట్టింది! ఇదేం వింత?" అని మా కింది ఫ్లాటు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది ఒకసారి. వింతేం లేదు. ఒకసారి జతకట్టాక ఆడచేప ఆ వీర్యకణాల్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. షాపులోంచి వచ్చేటప్పుడే అది నాలుగైదు కాన్పుల సరంజామా వెంట తెచ్చుకుంటుందన్నమాట.

పుట్టిన పిల్లల్ని కన్నతల్లే తినేస్తుంది. ఇది చూసి కొందరు ఏడ్చినంత పని చేస్తారు, తొట్టే వద్దనేస్తారు. నాకు మాత్రం అందులో క్రూరత్వం కనపడదు. వాగులో అయితే కన్న తల్లి ఒకచోట, పిల్లలు ఒకచోట. రెండడుగుల గాజు గోడల మధ్య పెట్టింది మనం. నిండు చూలాలిని వేరే చిన్న తొట్టికి, అంటే పుట్టింటికి పంపి, కాన్పయ్యాక తల్లిని వెనక్కి తెచ్చేసుకుంటే పిల్లలు దక్కుతాయి. షాపుల్లో అమ్మే చిన్న ప్లాస్టిక్ పెట్టెలు నాకు నచ్చవు. అంత ఇరుకులో పురుడు ఎవరికి మాత్రం సుఖం? దానికంటే తొట్టిలో ఓ మూల జావా మాస్ దట్టంగా పెంచండి. గట్టి పిల్లలు అందులో దాక్కుని బతుకుతాయి. ఉడికించిన గుడ్డులోని పచ్చసొన ఆవగింజంత నలిపి వేసినా, మేతను పొడి చేసి వేసినా తింటాయి. సొన మిగిలితే వెంటనే తీసేయాలి, నీళ్లు పాడవుతాయి.

సరే, ఎన్ని దక్కాలి? లెక్క వేయండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 56 లీటర్లు. మూడు ఆడచేపలు నెలకు పాతికేసి కంటే 75. వాటిలో మూడో వంతు బతికినా 25. మూడు నెలలు తిరిగేసరికి 75 చేపలు. ఈలోగా మొదటి కాన్పు ఆడపిల్లలు తామూ తల్లులవుతాయి. వంశం ఇలా కలగాపులగంగా పెరుగుతుంటే అందం కూడా నిలవదు. మీరు ముచ్చటపడి కొన్న ఆ పెద్ద తోకలు, గాఢమైన రంగులు ఎవరో తరతరాలుగా ఏరి, జతకట్టించి నిలబెట్టినవి. వేటాడే చేపలుంటే మెరుపులు తగ్గి, వేటాడేవి లేనిచోట మగ గప్పీలు తరాలు గడిచేకొద్దీ రంగులు తేలుతాయని జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి 1980లో ప్రచురించాడు. మన తొట్టిలో వేటాడేవీ లేవు, ఏరేవాళ్లూ లేరు. అందుకే మనవలు, మునిమనవల కాలానికి ఏ రంగూ కాని రంగు వస్తుంది.

అమ్ముకోవచ్చు కదా అంటారు. కొంతవరకు నిజమే. బాగున్న పిల్లల్ని తీసుకుని, బదులుగా మేత డబ్బా ఇచ్చే షాపువాళ్లున్నారు. కానీ రంగుచేపల వ్యాపారానికి పేరుపడ్డ చెన్నై కొళత్తూరు రైతుల ధరలతో మన వంటింటి పక్క తొట్టి పోటీపడలేదు. నిజంగా ఉపాధిగా తీసుకుందామనుకునేవాళ్లది వేరే దారి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు 2006లో మన హైదరాబాద్‌లోనే ఏర్పడింది. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే చేప ఆకారంలో కనపడే భవనం వాళ్లదే. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్లకూ చోటిచ్చారు. యూనిట్ ఖర్చులో మహిళలకు 60 శాతం సాయం అన్నది అందులోని నిబంధన. వాకబు చేసేవాళ్లు జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లాలి. రెండు తొట్లున్న నాబోటి వాళ్లకు మాత్రం ఇది వ్యాపారం కాదు.

మరి మిగిలినవాటిని ఏం చేయాలి? మా బ్లాకులోనే ఒకావిడ, మనసు మంచిది, ఒక రోజు బకెట్ నిండా గప్పీలతో లిఫ్టులో కనపడ్డారు. "దుర్గం చెరువులో వదిలేస్తానండీ. పుణ్యం, పైగా దోమల్ని తింటాయి కదా!" అన్నారు. ఆవిడను లిఫ్టు దగ్గరే ఆపి అరగంట మాట్లాడాను.

దుర్గం చెరువు అంటే 2020లో వేసిన తీగల వంతెన, దాని రాత్రి దీపాలు కావు. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన చెరువది. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు కూడా. ఒకటి నిండి అలుగు పారితే నీళ్లు కిందికి పోతాయి. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయి కదా, చెరువులు పొంగి కాలనీలు మునిగాయి. ఒక చెరువులో వదిలిన చేప ఆ చెరువులోనే ఉంటుందన్న భరోసా లేదు. దోమలకోసమంటూ నగరపాలక సంస్థలే చెరువుల్లో గంబూసియా చేపల్ని వదులుతుంటాయి. ఇదీ గప్పీకి చుట్టమే, పిల్లల్ని పెట్టేదే. 1928లో మన దేశానికి తెచ్చారు. దోమ పిల్లలతోబాటు కప్ప పిల్లల్ని, ఇతర చేపల గుడ్లను తింటుంది, సాటి చేపల రెక్కలు కొరుకుతుంది. ప్రపంచంలో అతి చెడ్డ వంద చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. ప్రభుత్వం చేస్తోంది కదా అని మనమూ చేయడానికి అది సాకు కాదని నా అభిప్రాయం. ఇక తొట్టి అద్దాలు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప? అడుగు దాటి పెరిగాక ఎవరో కాలవలో వదిలేస్తే, ఇవాళ కృష్ణలో జాలర్లు దాన్నే దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. మన పరిగెలు, జెల్లలు బతకాల్సిన నీళ్లలో ఈ దిగుమతి సరుకు దేనికి?

ఆవిడ బకెట్ వెనక్కి పట్టుకెళ్లారు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆడ, మగ వేరు చేశాం. నెల దాటిన పిల్లల్లో పొట్ట కింది రెక్క సూదిలా సన్నబడితే మగ, విసనకర్రలా ఉంటే ఆడ. మగవన్నీ ఒక తొట్టిలో, ఆడవన్నీ ఇంకో దాంట్లో. ఆడవాటి దగ్గర దాచుకున్న సరుకు అయిపోయేదాకా కొన్ని నెలలు పిల్లలు పుడుతూనే ఉంటాయి. అక్కడ జావా మాస్ తీసేసి, పెద్ద చేపలు తినేస్తే తిననిస్తాం. వినడానికి కటువుగా ఉందా? నెలకు 75 చేపల్ని మురికి నీళ్లలో ఊపిరాడకుండా ఉంచడంకంటే నయం. ఎవరైనా కొత్తగా మొదలుపెడతామంటే నేనిప్పుడు మగ గప్పీలే ఆరు ఇస్తాను. రంగులన్నీ ఉంటాయి, పురుళ్ల గొడవ ఉండదు. పురుడు చూడాలని ముచ్చటపడే పిల్లలుంటే, కడుపుతో ఉన్న ఒక ప్లాటీని నెల రోజులు అరువిస్తాను.

ఆరు మగవి మా వాచ్‌మన్ భార్య కూడా తీసుకుంది. సెల్లారు వెనక మొక్కలకు నీళ్లు నిలవచేసే సిమెంటు తొట్టి ఉంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్లలోనే. ఆ తొట్టికి చెరువుతో, నాలాతో సంబంధం లేదు, మూతగా జాలీ ఉంది. అక్కడ గప్పీలుంటే నాకు అభ్యంతరం లేదు. వానాకాలమంతా ఆ నీళ్లలో ఒక్క దోమ పిల్ల కనపడలేదు. మొన్న మాత్రం పైకొచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, నాల్గు నెల్లాయె, గివి పిల్లలు పెడ్తలేవేంది?" అని.