మీకు తెలుసా? కంపవాతం జాడ రక్తకణాల్లోనూ ఉంది

పార్కిన్సన్స్ వ్యాధి (కంపవాతం) మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. అయితే దాని ప్రభావం రక్తంలోనూ కనిపిస్తుంది. రోగుల ప్లేట్‌లెట్లలోని మైటోకాండ్రియాలో కాంప్లెక్స్-1 అనే ఎంజైమ్ చురుకుదనం తగ్గిందని 1989లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. కణానికి శక్తి తయారయ్యే వరుసలో ఇదే మొదటి మెట్టు. ఎర్రకణాల్లో మైటోకాండ్రియా ఉండవు కాబట్టి ఈ పరీక్షకు అవి పనికిరావు. డోపమైన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంఏఓ-బి ఎంజైమ్ కూడా ప్లేట్‌లెట్లలో ఉంటుంది.

జీబీఏ1 జన్యువులో లోపమున్నవారి తెల్లకణాల్లో గ్లూకోసెరిబ్రోసైడేజ్ అనే ఎంజైమ్ పనితనం తగ్గుతుంది. వారికి ఈ వ్యాధి ముప్పు ఎక్కువ. అయినా ఈ ఎంజైముల కొలతల్లో రోగుల అంకెలు, ఆరోగ్యవంతుల అంకెలు చాలావరకు కలిసిపోతాయి. అందుకే నెల్లూరు జిల్లాలోని ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా, పెద్ద నగరంలోనైనా ఈ ఎంజైములను కొలిచి జబ్బును తేల్చలేరు. వణుకు, బిగుసుకుపోవడం, కదలికల్లో మందకొడితనం చూసి వైద్యుడే నిర్ధారించాలి.

ఈ వ్యాధికి వాడే లెవోడోపా మందు కథ మాత్రం ఈ ప్రాంతానికి కాస్త దగ్గరిదే. తూర్పు కనుమల్లో పెరిగే దూలగొండి గింజల నుంచి లెవోడోపాను దామోదరన్, రామస్వామి 1937లో మద్రాసులో వేరుచేశారు. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. గింజగింజకూ మందు మోతాదు మారుతుంది కనుక సొంతవైద్యం ప్రమాదకరం. మాత్రలో లెవోడోపాతో పాటు సాధారణంగా కార్బిడోపా కూడా ఉంటుంది. మెదడుకు చేరకముందే లెవోడోపాను మార్చేసే ఎంజైమును అది అడ్డుకుంటుంది.