ఆస్ట్రేలియాలో స్కూల్ చదువు: మార్కులు తగ్గితే వీసా పోతుందా?

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్, అందుకే ముందు ఒక సీన్ ఊహించుకోండి.

మెల్‌బోర్న్‌లో రాత్రి తొమ్మిదిన్నర. విజయవాడ నుంచి వెళ్ళి అక్కడ ఇయర్ 11 చదువుతున్న ఒక కుర్రాడు ఫోన్ చూస్తున్నాడు. స్కూల్ నుంచి మెయిల్. "నీ కోర్స్ ప్రోగ్రెస్ సరిపడా లేదు, వచ్చి మాట్లాడు" అని. గుండె జారిపోయింది. ఇక వీసా పోయినట్టే అనుకున్నాడు. ఇంతలో అమ్మ వీడియో కాల్. ఇక్కడ అప్పుడు సాయంత్రం ఐదు. "తిన్నావా నాన్నా? చదువు ఎలా సాగుతోంది?" అంది. "బానే ఉందమ్మా" అన్నాడు. అంతే. మెయిల్‌కి రిప్లై ఇవ్వలేదు. భయంతో మర్నాడు స్కూల్‌కీ వెళ్ళలేదు.

ఇది నేను అల్లిన సీనే. కానీ ఇలాంటి భయం చాలామందికి ఉంటుంది. అసలు రూల్ తెలిస్తే ఆ భయం సగం తగ్గిపోతుంది. ఆ రూలేంటో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ఈ రూల్ ఎవరికి?

సొంతంగా స్టూడెంట్ వీసా, అంటే సబ్‌క్లాస్ 500, తీసుకుని ఆస్ట్రేలియాలో స్కూల్లో చేరిన పిల్లలకి. అమ్మో నాన్నో అక్కడ మాస్టర్స్ చేస్తూ పిల్లల్ని డిపెండెంట్‌గా తీసుకెళ్తే, ఆ పిల్లల కథ వేరు. వాళ్ళ వీసా తల్లిదండ్రుల వీసాకి అతుక్కుని ఉంటుంది. పీఆర్ ఉన్న ఇళ్ళలో పిల్లలకి కూడా ఇది వర్తించదు.

స్టూడెంట్ వీసా మీద 8202 అనే కండిషన్ ఒకటి ఉంటుంది. దాని సారాంశం మూడు ముక్కల్లో: ఎన్‌రోల్‌మెంట్ ఉండాలి, అటెండెన్స్ ఉండాలి, చదువులో ప్రోగ్రెస్ ఉండాలి. ఈ రెండోది, మూడోది స్కూల్ ఎలా చూడాలో చెప్పేది 'నేషనల్ కోడ్ 2018'. అందులో ఎనిమిదో స్టాండర్డ్ మన టాపిక్. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే ప్రతి స్కూలూ దీన్ని పాటించాల్సిందే.

ముందు అటెండెన్స్ లెక్క

స్కూల్ కోర్సుకి కనీసం 80 శాతం అటెండెన్స్ ఉండాలి. రాష్ట్ర చట్టం ఇంకా ఎక్కువ అడిగితే అంత ఉండాలి. లెక్క వేద్దాం. ఒక టర్మ్ సుమారు 10 వారాలు, అంటే 50 రోజులు. రెండు టర్మ్‌లు కలిపితే ఒక సెమిస్టర్, అంటే దాదాపు 100 రోజులు. 20 రోజులు మానేస్తే సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. ఇరవై ఒకటో రోజు నుంచి గీత దాటినట్టే.

"20 రోజులా, బోలెడున్నాయిగా" అనిపిస్తుంది. ఆగండి. జ్వరం వచ్చి నాలుగు రోజులు. శ్రావణమాసంలో అక్క పెళ్ళి, అది సరిగ్గా మూడో టర్మ్ మధ్యలో పడుతుంది. రానూపోనూ కలిపి పది రోజులు. ఇంకో వారం ఏదో కారణం. అయిపోయింది. సంక్రాంతి మాత్రం మనకి కలిసొస్తుంది, జనవరిలో అక్కడ ఎండాకాలం సెలవులు. కాబట్టి ఇంటికొచ్చే ప్లాన్ ఏదైనా ముందు స్కూల్ క్యాలెండర్ చూసి, పర్మిషన్ తీసుకున్నాకే టికెట్ బుక్ చేసుకోండి.

చాలా స్కూళ్ళలో మెడికల్ సర్టిఫికెట్ ఇచ్చినా ఆ రోజు ఆబ్సెంట్‌గానే లెక్కేస్తారు. మరి సర్టిఫికెట్ ఎందుకు? 80 కంటే తగ్గినా 70 శాతం తగ్గకుండా ఉండి, తప్పనిసరి కారణం ఉందని సరైన ఆధారం చూపిస్తే, రిపోర్ట్ చేయకుండా వదిలే అధికారం స్కూల్‌కి ఉంది. ఆ ఆధారం ఈ సర్టిఫికెట్టే. తప్పనిసరి కారణాలు అంటే పెద్ద జబ్బు, దగ్గరి వాళ్ళు చనిపోవడం లాంటివి. అమ్మమ్మ, తాతయ్యలు కూడా ఇందులోకి వస్తారు. "నాకు మార్కులు బాగానే వస్తున్నాయి కదా" అన్నది స్కూల్ స్థాయిలో కారణంగా చెల్లదు.

ఇంకోటి. పర్మిషన్ లేకుండా వరసగా ఐదు రోజులకి మించి రాకపోతే స్కూల్ మిమ్మల్ని వెతికి, అడిగి, సాయం చేయాలి. కాబట్టి ఆ ఫోన్ కాల్ వస్తే కట్ చేయకండి. తిట్టడానికే చేస్తారని ముందే అనుకోవద్దు, అలా ఫోన్ చేయడం వాళ్ళ డ్యూటీ.

ఇప్పుడు ప్రోగ్రెస్

ఇక్కడే ఎక్కువ కన్ఫ్యూజన్. ఇన్ని మార్కులు రావాలి అని నేషనల్ కోడ్ ఒక నంబర్ పెట్టలేదు. ప్రతి స్కూలూ తన పాలసీ తానే రాసుకోవాలి, దాన్ని విద్యార్థికి ముందే చెప్పాలి. చాలా స్కూళ్ళు పెట్టుకునే గీత ఇది: ఒక సెమిస్టర్‌లో తీసుకున్న సబ్జెక్టుల్లో కనీసం సగం పాస్ కావాలి.

మన కుర్రాడి సంగతి చూద్దాం. విక్టోరియా రాష్ట్రంలో ఇయర్ 11, 12 చదువుని వీ.సీ.ఈ. అంటారు. సెమిస్టర్‌కి ఆరు యూనిట్లు తీసుకున్నాడనుకోండి. యూనిట్ పూర్తి చేస్తే 'ఎస్', లేకపోతే 'ఎన్'. వాడికి రెండు ఎస్‌లు, నాలుగు ఎన్‌లు వచ్చాయి. ఆరింట్లో మూడు కావాలి, రెండే ఉన్నాయి. అందుకే ఆ మెయిల్.

మన పిల్లలు ఇక్కడ ఎందుకు తడబడతారంటే, మన ఇంటర్ అలవాటు. సంవత్సరమంతా ఎలా ఉన్నా చివర్లో నెల రోజులు గట్టిగా కూర్చుంటే గట్టెక్కుతాం అనే నమ్మకం. అక్కడ ఎస్ రావాలంటే సెమిస్టర్ పొడుగునా ఇచ్చే పని చేసి చూపించాలి. మ్యాథ్స్‌లో ఫస్ట్ ఉన్నవాడు కూడా ఇంగ్లీష్‌లో వ్యాసాలు ఇవ్వక ఎన్ తెచ్చుకోవచ్చు. మంచి విషయం ఏంటంటే, ఎన్ వచ్చేలా ఉన్నప్పుడు ఎస్ తెచ్చుకోవడానికి ఇంకో అవకాశం ఇచ్చే వీలు స్కూళ్ళకి ఉంది. కానీ వెళ్ళి అడగాలి.

మెయిల్ వచ్చాక ఏం జరుగుతుంది?

ఒక సెమిస్టర్ పోయిందని ఎవరూ వీసా తీసేయరు. మొదటి మెయిల్ హెచ్చరిక. దానితో పాటు స్కూల్ 'ఇంటర్వెన్షన్' మొదలుపెట్టాలి, అంటే వెనకబడిన విద్యార్థికి సాయం చేసే ప్లాన్. క్లాసులయ్యాక ట్యూషన్, ఇంగ్లీష్‌లో అదనపు సాయం, సబ్జెక్ట్ మార్చుకోవడం, మెంటర్, కౌన్సెలింగ్, ఇలాంటివి. ప్లాన్ రాసిపెడతారు, అమ్మానాన్నలకీ చెప్తారు. తర్వాతి సెమిస్టర్ అంతా ఎలా నడుస్తోందో చూస్తారు.

అప్పటికీ మారకపోతే అసలు ఉత్తరం వస్తుంది. "నిన్ను రిపోర్ట్ చేయాలనుకుంటున్నాం" అని, కారణాలతో. దయచేసి ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచి మీకు 20 పని దినాలు ఉంటాయి. అంటే దాదాపు నాలుగు వారాలు. ఈ లోపు స్కూల్‌లోనే అప్పీల్ వేసుకోవచ్చు. వేస్తే, 10 పని దినాల్లోపు స్కూల్ దాన్ని పరిశీలించడం మొదలుపెట్టాలి. ఆ అప్పీల్ తేలేదాకా రిపోర్ట్ చేయకూడదు.

స్కూల్లో అప్పీల్ ఓడిపోతే బయట ఇంకో తలుపు ఉంది: అంబుడ్స్‌మన్. ప్రైవేట్ స్కూల్ అయితే కామన్వెల్త్ అంబుడ్స్‌మన్, ప్రభుత్వ స్కూల్ అయితే ఆ రాష్ట్ర అంబుడ్స్‌మన్. ఫీజు లేదు. ఏజెంట్‌కి డబ్బులు కట్టాల్సిన పని లేదు, మీరే రాసుకోవచ్చు.

అదే 20 రోజులూ మౌనంగా ఉంటే? స్కూల్ ప్రిజ్మ్స్ అనే ప్రభుత్వ సిస్టమ్‌లో రిపోర్ట్ చేస్తుంది. స్కూల్‌కి ఇక వేరే దారి ఉండదు. సమాచారం హోమ్ అఫైర్స్ శాఖకి వెళ్తుంది. అప్పుడు కూడా వీసా దానంతటదే రద్దు కాదు, అధికారి పరిశీలించి నిర్ణయిస్తారు. కానీ అప్పటికి విషయం మీ స్కూల్ చేతిలోంచి జారిపోయింది. మిమ్మల్ని రోజూ చూసే టీచర్‌తో మాట్లాడే దశ దాటిపోయింది.

అప్పీల్‌లో ఏం రాయాలి?

"సారీ సార్, ఇంకోసారి ఇలా జరగదు" అని రాస్తే సరిపోదు. గట్టిగా నిలబడే కారణాలు మామూలుగా మూడు. ఒకటి, మార్కులో అటెండెన్సో తప్పుగా లెక్కేశారు. రెండు, మీకు తప్పనిసరి పరిస్థితి వచ్చింది, దానికి కాగితం ఉంది. మూడు, స్కూల్ తన సొంత పాలసీ పాటించలేదు. ఉదాహరణకి, ఇస్తామన్న సాయం ఇవ్వలేదు.

ఈ మూడూ నిరూపించాలంటే ఆధారాలు కావాలి. అందుకే మొదటి రోజు నుంచే ఫోన్‌లో ఒక ఫోల్డర్ పెట్టుకోండి. స్కూల్ పాలసీ, ప్రతి మెయిల్, మీటింగ్ తేదీలు, డాక్టర్ సర్టిఫికెట్లు, అన్నీ అందులో వేయండి. టీచర్‌తో నోటితో మాట్లాడినా, సాయంత్రం "ఈరోజు మనం ఇలా అనుకున్నాం" అని చిన్న మెయిల్ పెట్టేయండి.

ఇయర్ మళ్ళీ చదవాల్సి వస్తే కంగారు పడకండి. ఇంటర్వెన్షన్ ప్లాన్‌లో భాగంగా కోర్స్ గడువు పెంచే వీలు స్కూల్‌కి ఉంది. కానీ అప్పుడు మీ ఎన్‌రోల్‌మెంట్ కాగితం తేదీ మారుతుంది. దాంతో వీసా తేదీ సరిపోతుందో లేదో కచ్చితంగా చూసుకోవాలి.

అమ్మానాన్నలకి ఒక మాట

ఈ వీడియో ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా పంపండి. అమ్మా, నాన్నగారూ, మీరు పెట్టిన డబ్బు ఎంతో పిల్లలకి తెలుసు. తెలుసు కాబట్టే దాస్తారు. "మార్కులెన్ని?" అని అడిగే ముందు "స్కూల్ నుంచి ఏమైనా మెయిల్ వచ్చిందా, కలిసి చదువుదామా?" అని అడగండి. మీ బిడ్డకి 18 నిండకపోతే స్కూల్ మీతో కూడా మాట్లాడుతుంది. అందుకే స్కూల్ దగ్గర ఏజెంట్ ఈమెయిల్ కాకుండా మీ సొంత ఈమెయిల్, మీ సొంత నంబర్ ఉన్నాయో లేదో ఈరోజే కనుక్కోండి.

చివరగా మన కుర్రాడి దగ్గరికి వెళ్దాం. ఆ రాత్రి వాడికి వచ్చింది మొదటి మెయిల్ మాత్రమే. వాడి చేతిలో ఇంకా ఒక సెమిస్టర్ ఉంది, స్కూల్ ఇవ్వాల్సిన సాయం ఉంది, ఆ తర్వాత 20 పని దినాలు, ఆ పైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఇన్ని మెట్లు ఉన్నాయి. వాడికి అవి తెలియవు, అంతే. మీకు ఇప్పుడు తెలిసింది కదా. అలాంటి మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో చదవకుండా పడి ఉంటే, ఈ వీడియో ఆపేసి ముందు దాన్ని తెరవండి. "రేపు వచ్చి కలుస్తాను" అని ఒక్క లైన్ రిప్లై ఇవ్వండి. తర్వాత అమ్మకి ఫోన్ చేసి, ఈసారి "బానే ఉంది" అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.