చీటీ లేని గోలీ చేటు తెస్తుంది

సికింద్రాబాద్: జిల్లాల నుంచి తెల్లవారుజామున వచ్చే రైళ్లు దిగి, స్టేషను నుంచి నేరుగా గాంధీ దవాఖానా దారి పట్టే పల్లె జనం ప్రతిరోజూ కనిపిస్తారు. ఒకరి చేతిలో సద్ది డబ్బా, మరొకరి చంకలో జ్వరంతో కాలిపోతున్న బిడ్డ. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "ఇప్పటిదాకా ఏ మందులు వాడిండ్రు?" అనేది. దానికి చాలామంది దగ్గర సరైన జవాబు ఉండదు. "ఊళ్ళోనే గోలీలు తెచ్చి వేసినం సారూ. రెండు దినాలకు తగ్గింది, మాన్పించినం. మళ్ళీ వచ్చింది" అంటారు.

ఏ గోలీయో తెలియదు. ఎందుకిచ్చారో తెలియదు. ఎన్ని రోజులు వేయాలో చెప్పినవారు లేరు. ఇలా వాడిన గోలీ యాంటీబయోటిక్ అయితే నష్టం ఆ బిడ్డతోనే ఆగదు. రేపు ఇదే ఊళ్ళో మరొకరి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.

జ్వరం పేరు ఒక్కటే, జ్వరాలు వేరు

జ్వరానికి కారణం ముందు తెలుసుకోవాలన్న పాఠం సికింద్రాబాదుకు కొత్త కాదు. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఇక్కడి బేగంపేటలోనే దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందన్న పాత నమ్మకం దానితో కూలిపోయింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

అందరికీ ఒంట్లో వేడి ఒకేలా ఉన్నా లోపలి శత్రువు ఒకటే కాదు. మలేరియా పరాన్నజీవి వల్ల వస్తుంది, దాని మందులు వేరు. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా వైరస్‌ల వల్ల వస్తాయి. టైఫాయిడ్, చీము పట్టిన పుండు, మూత్రంలో మంట, న్యుమోనియాలో చాలా రకాలు బాక్టీరియా వల్ల వస్తాయి. యాంటీబయోటిక్ పనిచేసేది బాక్టీరియా మీదే. వైరస్‌ను అది ఏమీ చేయలేదు.

మామూలు జలుబు జ్వరానికి యాంటీబయోటిక్ వేసుకుని "గోలీతో తగ్గింది" అనుకోవడం పొరపాటు. ఆ జ్వరం గోలీ వేయకున్నా నాలుగైదు రోజులకు తగ్గేదే. 2020లో కరోనా వచ్చినప్పుడు అజిత్రోమైసిన్ గోలీలను ఇంటింటా మింగారు. వేలాది మంది కరోనా రోగులపై బ్రిటన్‌లో జరిపిన పరీక్షల్లో ఆ గోలీ వల్ల మేలు లేదని 2021లో తేలింది.

పత్తి రైతుకు తెలిసిన సంగతే

గోలీ పనిచేయకుండా పోవడమంటే మనిషి ఒళ్ళు మందుకు అలవాటు పడడం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మొండికెత్తేది క్రిమి. పత్తి రైతుకు ఇది చెప్పనక్కరలేదు. ఒకే మందును మళ్ళీ మళ్ళీ, మోతాదు తప్పి కొడితే బలహీనమైన పురుగు చస్తుంది, తట్టుకున్న పురుగు మిగిలి పిల్లలు పెడుతుంది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావక పత్తి రైతులు ఎంత నష్టపోయారో పెద్దలకు గుర్తే.

మనిషి ఒంట్లోనూ జరిగేది ఇదే. అవసరం లేకున్నా మందు వాడినా, మోతాదు చాలకపోయినా, తట్టుకునే క్రిములు మిగిలి పెరుగుతాయి. అవి దగ్గు ద్వారా, చేతుల ద్వారా, నీటి ద్వారా పక్కవారికి చేరతాయి. జీవితంలో ఒక్క గోలీ మింగనివాడికి కూడా మందుకు లొంగని క్రిమి సోకవచ్చు. ఇలాంటి క్రిముల కారణంగానే 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు.

పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఈ హెచ్చరిక చేశారు. ఈ మందు అంగడిలో ఎవరికైనా దొరికే రోజు వస్తే, తెలియనివారు చాలీచాలని మోతాదు వేసుకుని క్రిములకు తట్టుకునే శక్తినిస్తారని ఆయన భయపడ్డారు. ఆ భయం నిజమైంది.

తెలుగువాడి పాలు

ఈ మందుల కథలో ఒక తెలుగువాడి పాలు కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరి, తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ బెంజమిన్ డుగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు, మిస్సోరి రాష్ట్రంలోని ఒక వ్యవసాయ క్షేత్రం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందును తీశారు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. సుబ్బారావు ఆ సంవత్సరమే కన్నుమూశారు.

ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో కొత్త మందులు వరుసగా వచ్చాయి. అటు తరువాత కొత్త రకాలు రావడం బాగా తగ్గింది. ఉన్న మందును పాడుచేసుకుంటే దాని స్థానంలో మరొకటి సిద్ధంగా ఉంటుందన్న భరోసా లేదు.

ఎర్రగీత ఉంటే చీటీ ఉండాలి

గోలీల షీటు వెనుక నిలువునా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు అని గుర్తు. చదువు రానివారు కూడా గుర్తుపట్టగల ఈ గీత గురించి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం చేపట్టింది. చట్టం ప్రకారం యాంటీబయోటిక్‌లను చీటీ లేకుండా అమ్మరాదు. వాటిలో బలమైన కొన్నింటిని, క్షయ మందులను 'హెచ్ 1' అనే జాబితాలో చేర్చారు. 2014 మార్చి 1 నుంచి ఈ మందులు అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, డాక్టరు పేరు, అమ్మిన లెక్క దుకాణదారు రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచవలసి ఉంది.

చట్టం ఎంత ఉన్నా, "అన్నా, మొన్నటి గోలీలే ఇంకో నాలుగు ఇవ్వు" అని అడిగేవారు ఉన్నంతకాలం ఇచ్చేవారూ ఉంటారు. మొన్నటి రోగం, నేటి రోగం ఒకటే అని అడిగినవారికీ తెలియదు, ఇచ్చినవారికీ తెలియదు.

వాడే తీరు

డాక్టరు దగ్గర మూడు సంగతులు దాచకూడదు. ఇదివరకు ఏ మందుకైనా దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చి ఉంటే చెప్పాలి. గర్భిణి అయినా, బిడ్డకు పాలిస్తున్నా చెప్పాలి. బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బుకు వాడుతున్న మందులుంటే చూపాలి. టెట్రాసైక్లిన్ రకం మందులు గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. అవి పిల్లల పళ్ళకు మచ్చలు తెస్తాయి.

రోజుకు మూడుసార్లు అంటే సుమారు ఎనిమిది గంటలకు ఒకసారి అని అర్థం. ఒక పూట మరిచిపోతే గుర్తుకు రాగానే వేసుకోవాలి. మరో పూట దగ్గరపడితే మరిచినది వదిలేయాలి. రెండు కలిపి మింగరాదు.

టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి గోలీలను పాలతో, పెరుగుతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఇనుము గోలీలు, కాల్షియం గోలీలు, గ్యాసు మందు కూడా అడ్డుపడతాయి. వాటికీ వీటికీ ఎంత ఎడం ఉండాలో డాక్టరునే అడగాలి. మెట్రోనిడజోల్ వాడేవారు మందు పూర్తయి మూడు రోజులు గడిచేదాకా కల్లు, సారా ముట్టరాదు. ముడితే వాంతులు, గుండెదడ పట్టుకోవచ్చు.

పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది. పెద్దల గోలీని విరిచి సగం ఇవ్వడం తగదు. పొడి మందు సీసాలో కాచి చల్లార్చిన నీటిని గీత దాకా పోసి బాగా కలపాలి. పోసే ప్రతిసారీ కుదపాలి, ఇంటి చెంచాతో కాక సీసాతో ఇచ్చిన మూతతో కొలవాలి. కలిపిన మందు ఎన్ని రోజులు పనికివస్తుందో సీసా మీదే రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే పారేయాలి.

కొద్దిగా విరేచనాలు, వికారం రావచ్చు. రక్తంతో విరేచనాలైనా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా వెంటనే డాక్టరుకు చూపాలి. పెదవులు, ముఖం వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి.

రోగశేషం ఉంచరాదు

అప్పును, అగ్నిని, రోగాన్ని శేషం ఉంచరాదని పెద్దల మాట. జ్వరం తగ్గిందని డాక్టరు చెప్పిన గడువుకు ముందే సొంతంగా మానరాదు. గడువు దాటి సొంతంగా పొడిగించనూ రాదు. కొన్ని జబ్బులకు మూడు రోజులు చాలు, కొన్నింటికి రెండు వారాలు కావాలి. ఆ లెక్క డాక్టరుదే. రెండు మూడు రోజుల్లో గుణం కనిపించకపోతే మందు మార్చమని దుకాణంలో అడగక, మళ్ళీ డాక్టరు దగ్గరికే పోవాలి.

క్షయ విషయంలో ఇది మరీ ముఖ్యం. మామూలు క్షయకు ఆరు నెలల మందు. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, కూలికి పోయే శక్తి వస్తుంది. అక్కడ మానిన వారిలో క్రిమి మొండికెత్తి తిరగబడవచ్చు. అప్పుడు వైద్యం మరింత కష్టం, ఇంటిల్లిపాదికీ ప్రమాదం. సర్కారు దవాఖానాల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. పోషణకు నెలకు 500 రూపాయలుగా 2018లో మొదలైన సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేశారు.

గొడ్డూ గోదకూ ఇదే నీతి

బర్రెకు పొదుగు వాపు వచ్చినా, కోళ్ళకు తెగులు సోకినా పశువైద్యుణ్ణి అడగకుండా సూది మందు వేయించరాదు. వేయించాక ఆయన చెప్పినన్ని రోజులు ఆ పాలు అమ్మరాదు, ఇంట్లో తాగరాదు. మనుషులకు చివరి ఆసరాగా మిగిలిన కొలిస్టిన్ అనే మందును కోళ్ళ దాణాలో, పశువులకు, చేపల చెరువుల్లో వాడకుండా కేంద్రం 2019 జూలైలో నిషేధించింది.

ఇంట్లో మిగిలిన గోలీలను దాచి పక్కింటివారికి పంచడం ఉపకారం అనిపిస్తుంది, కానీ అది అపకారమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా నడిచే శ్రమకు జడిసి దుకాణంలో నాలుగు గోలీలు కొంటే ఒక పూట కూలి మిగలవచ్చు. కాని న్యుమోనియాతో డొక్కలెగరేసే పసిబిడ్డకు, కాన్పు తరువాత చలిజ్వరంతో వణికే తల్లికి, ఒక్క మందు పనిచేస్తే ప్రాణం నిలుస్తుంది. ఆ రోజు ఆ మందు పనిచేయాలంటే ఈ రోజు దాన్ని అనవసరంగా మింగకుండా ఉండవలసింది ఊరంతా.