సావో పాలోలోనూ ‘మేస్త్రీ’నే!
హోసూరు కుటుంబానికి బ్రెజిల్‌ మహానగరంలో తొలి వారం

హోసూరు: ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం.. హోసూరులో పుట్టి పెరిగినోళ్లకు ఇది మామూలే. ఇన్ని భాషలొచ్చిన మనకు ఇంకోటి ఓ లెక్కా అనుకుంటూ ఇక్కడి ఓ కుటుంబం జులైలో బ్రెజిల్‌ విమానమెక్కింది. భర్తకు సావో పాలోలో కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం. వెంట భార్య, పదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు. 2022 లెక్కల ప్రకారం ఆ ఊరి జనాభా కోటీ 14 లక్షలు! దిగీదిగగానే ధైర్యం సగం జారిపోయిందట.

‘‘జులైలో అక్కడ చలికాలం. ఇంగ్లీషులో అడిగితే అంగట్లో ఎవరూ పలకరు. చేసైగలతోనే బియ్యం, చిక్కుడు గింజలు కొంటిమి’’ అంటారామె.

మాట కలిసింది..

అద్దె ఇంట్లో కిటికీ బిగుసుకుపోయింది. కాపలాదారు వచ్చి చూసి ‘జనెలా’ అన్నాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. తమిళంలో ‘జన్నల్‌’ అదే కదా! బట్టల అల్మారా అక్కడ ‘అర్మారియు’. కట్టడం పనుల పెద్ద ‘మెస్త్రి’.. అచ్చం మన మేస్త్రీనే! పోర్చుగీసు నావికులు 1498లో మన కోళిక్కోడు తీరానికి, 1500లో బ్రెజిల్‌ తీరానికి చేరారు. వాళ్లు వదిలెళ్లిన మాటలే రెండు చోట్లా మిగిలాయి.

ఇక భయం తగ్గింది. వారానికోసారి వీధిలోనే పెట్టే ‘ఫెయిరా’ సంతకు వెళ్లారు. చెరకు రసం తాగారు. నూనెలో వేయించిన చీజ్‌ కజ్జికాయల్లాంటి ‘పస్తెల్‌’ తిన్నారు. ఆదివారం పౌలిస్టా అవెన్యూలో కార్లు ఆపేస్తారు. రోడ్డంతా నడిచేవాళ్లదే. అక్కడి మాస్ప్‌ మ్యూజియం 1968లో తెరిచారు. 74 మీటర్ల మేర నడుమ స్తంభమే లేకుండా గాల్లో నిలబెట్టిన ఆ కట్టడం కింద పిల్లలు ఆడుకున్నారు.

ఆలోచనలో పడేసిన వీధి

అక్కడి నుంచి మెట్రోలో లిబెర్దాదీ పేటకు వెళ్లారు. బోర్డులన్నీ జపాను అక్షరాలే. 1908లో ‘కసాటో మారు’ ఓడలో కాఫీ తోటల పనికొచ్చిన జపానోళ్లతో మొదలైన వలస అది. కానీ మనవళ్లు, మునిమనవళ్లలో చాలామందికి ఇప్పుడు ఇంటి భాష పోర్చుగీసే. ‘‘బోర్డు మీద అక్షరముంది, పిల్లోళ్ల నోట్లో మాట లేదు. మన ఊరే గుర్తుకొచ్చె’’ అంటారామె. ఆ రాత్రే పెట్టె అడుగు నుంచి పెద్దబాలశిక్ష బయటికి తీశారు. రోజుకో పుట. ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట వద్దని కట్టడి.

గడియారం మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పది కొట్టేసరికి హోసూరులో తెల్లారి ఆరున్నర. అవ్వ కాఫీ వేళకు ఫోను మోగింది. చిన్నోడు అందుకున్నాడు: ‘‘అవ్వా! మేస్త్రీ ఈడ కూడా ఉండాడు!’’