రాకుమారి జెల్డా కథ మారాలా... మారకూడదా?

రాకుమారిని దుష్టుడు చెరబడతాడు. ఎక్కడో ఊరి చివర ఉండే కుర్రాడికి కత్తి దొరుకుతుంది. నేలమాళిగలన్నీ గాలించి, రాక్షసుల్ని ఒక్కొక్కళ్ళనీ మట్టుబెట్టి, ఆఖరి రీల్లో దుష్టుణ్ణి తుదముట్టించి రాకుమారిని విడిపిస్తాడు...

ఇదేదో విఠలాచార్య గారి జానపదం అనుకుంటున్నారా? కాదండీ! జపాన్‌లో, క్యోటో నగరంలో ఉన్న నింటెండో సంస్థ వారి వీడియో గేమ్ ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’. 1986 ఫిబ్రవరి 21న మొదటి ఆట విడుదలయింది. ఆనాటి పిల్లలకు పిల్లలు పుట్టి, వాళ్ళూ ఆడుతున్నారు. ఈ కథను సినిమాగా తీస్తున్నామని 2023 నవంబరులో ప్రకటించారు కూడా. దర్శకుడు వెస్ బాల్... 2024లో వచ్చిన ‘కింగ్‌డమ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ ఆయనదే.

అంతా బాగానే ఉంది. కానీ ఈ ఆట అభిమానుల మధ్య ఓ పెద్ద తగాదా నడుస్తోంది. పాత ఫార్ములా మళ్ళీ కావాలని ఒక వర్గం. ఆ ఫార్ములాను పాతిపెట్టడమే మంచిదయిందని ఇంకో వర్గం. ఎవరిది న్యాయం?

పేరు రాకుమారిది... పాట్లు కుర్రాడివి!

ముందు పాత్రల పరిచయం. రాజ్యం పేరు హైరూల్. రాకుమారి పేరు జెల్డా. హీరో పేరు లింక్. ఆట పేరు చూసి హీరో పేరే జెల్డా అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు! విలన్ గేనన్. అమెరికన్ నవలా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ భార్య పేరు జెల్డా. ఆ పేరు చెవికి ఇంపుగా ఉందని రాకుమారికి పెట్టారు.

సృష్టికర్త షిగెరు మియమోటో. చిన్నప్పుడు క్యోటో దగ్గరి సొనొబే అనే ఊళ్ళో కొండలూ, పొలాలూ తిరిగేవాడు. ఓ గుహ కనబడితే లాంతరు పట్టుకుని లోపలికి దూరాడట! ఆ బెరుకూ, ఆ సరదా ఆట ఆడేవాళ్ళకీ కలగాలన్నది ఆయన కోరిక.

అందుకే మొదటి ఆటలో ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పరు. తెర మీద ఓ గుహ ఉంటుంది. లోపలికెళితే ఓ ముసలాయన కత్తి ఇస్తాడు. అంతే! ఆ పైన మీ తిప్పలు మీరు పడాలి. ఏ పొదని కాలిస్తే మెట్లు బయటపడతాయో, ఏ గోడకి బాంబు పెడితే దారి వస్తుందో కనిపెట్టిన కుర్రాడు మర్నాడు బడిలో హీరో!

ఫార్ములా పుట్టిందిలా...

ఇప్పుడు అందరూ ‘జెల్డా ఫార్ములా’ అంటున్నది ఆ మొదటి ఆటలో పూర్తిగా లేదు. 1987లో వచ్చిన రెండో ఆట అసలు పక్కనుంచి చూసే కత్తియుద్ధాల ఆట. ఫార్ములాకి రూపం వచ్చింది 1991లో, ‘ఎ లింక్ టు ద పాస్ట్’తో. ముందు మూడు నేలమాళిగలు. అక్కడ కథ మలుపు తిరుగుతుంది... మన భాషలో చెప్పాలంటే ఇంటర్వెల్ అన్నమాట! ఆ తరవాత చీకటి లోకంలో మరో ఏడు.

ప్రతి నేలమాళిగలోనూ ఓ పెట్టె. పెట్టెలో ఓ కొత్త పనిముట్టు. విల్లు, గొలుసు కొక్కెం, సుత్తి... ఏదో ఒకటి. తరచు ఆ పనిముట్టుతోనే అక్కడి చిక్కుముళ్ళు విడతాయి, అక్కడి రాక్షసుడు చస్తాడు. బయటికొచ్చాక, ఇదివరకు దాటలేని అగడ్తను ఇప్పుడు దాటొచ్చు.

1998 నవంబరులో వచ్చిన ‘ఒకారినా ఆఫ్ టైమ్’ ఇదే వరసను మూడు కొలతల లోకంలోకి తెచ్చింది. హీరో చిన్నప్పుడు మూడు నేలమాళిగలు, ఏడేళ్ళు గడిచి పెద్దవాడయ్యాక ఐదు. జపాన్ పత్రిక ‘ఫామిత్సు’ మొట్టమొదటిసారి 40కి 40 మార్కులు వేసింది ఈ ఆటకే! అంత హిట్టయ్యాక ఫార్ములాను ఎవరు వదులుతారు చెప్పండి?

మూస ముదిరింది

ఆరు పాటలు, నాలుగు ఫైట్లు అని ముందే లెక్క తెలిసిన సినిమాకి వెళితే ఏమవుతుంది? మొదటి పాటకే సిగరెట్టు కోసం బయటికెళతారు. జెల్డాకీ అదే గతి పట్టింది. పెట్టెలోంచి విల్లు రాగానే, రాక్షసుడి కంటిలో బాణం వెయ్యాలని చిన్నపిల్లాడు కూడా చెప్పేసేవాడు.

2011లో వచ్చిన ‘స్కైవర్డ్ స్వోర్డ్’లో ఈ మూస బాగా ముదిరింది. తిరిగిన చోటికే మళ్ళీ తిరగాలి. ఒకే భూతంతో మూడుసార్లు పోరాడాలి. పైగా కత్తిలో ఉండే ‘ఫై’ అనే ఆత్మ ప్రతిదానికీ ప్రత్యక్షమై సలహాలిస్తుంది. చేతిలోని రిమోటుకి బ్యాటరీ తగ్గిందని కూడా ఆవిడే చెబుతుంది! లాంతరు పట్టుకుని గుహలో దూరిన పిల్లాడి వెనక ఇప్పుడో టీచరమ్మ నడుస్తున్నట్టయింది. నింటెండో ‘వీ’ యంత్రాలు పది కోట్లకు పైగా అమ్ముడైనా, ఆ యంత్రం మీద ఈ ఆట 40 లక్షల ప్రతులకు కూడా చేరలేదు.

గోడలు కూలాయి

నిర్మాత ఐజి అవోనుమా 2013 జనవరిలో ఓ బాంబు పేల్చారు. వరసగా నేలమాళిగలు దాటాలన్న నియమం లాంటి పాత అలవాట్లన్నిటినీ మళ్ళీ ఆలోచిస్తామన్నారు. ఫలితం 2017 మార్చి 3న వచ్చింది. పేరు ‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి.

నూరేళ్ళ నిద్ర నుంచి హీరో మేల్కొంటాడు. ముఖ్యమైన శక్తులన్నీ మొదట్లోనే చేతికొస్తాయి. ఇక ఏ కొండైనా ఎక్కొచ్చు. దమ్ముంటే తిన్నగా కోటకే వెళ్ళి గేనన్‌తో తలపడొచ్చు! తమాషా ఏమిటంటే, ఈ ఆటకి నమూనా కట్టేటప్పుడు తయారీదారులు 1986 నాటి ఆట రూపంలోనే బొమ్మలు వేసుకుని పరీక్షించారు. అంటే కొత్తగా కనబడ్డది నిజానికి పుట్టింటి దారే!

వసూళ్ళ సంగతి అడగకండి. ప్రతులు మూడు కోట్లు దాటాయి. 2023 మే 12న వచ్చిన తరవాతి భాగం ‘టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్’ అయితే మూడే రోజుల్లో కోటి!

పాత అభిమానుల గోడు

ఇంత హిట్టయ్యాక ఇంకా తగాదా ఏమిటంటారా? ఉంది మరి. పాత నేలమాళిగ అంటే గంటలకొద్దీ బుర్ర బద్దలు కొట్టుకునే చోటు. ‘బ్రెత్’లో పెద్దవి నాలుగే, వాటి రూపురేఖలూ ఒకటే. 120 చిన్న గుళ్ళు ఉన్నా అవి చిరుతిళ్ళ లాంటివి. భోజనం ఏదీ? మనసుపడ్డ కత్తి పది దెబ్బలకే విరిగిపోతే ఎట్లా?

వీళ్ళ మాటలో నిజం ఉంది. మూసిన తలుపులో ఓ సుఖం ఉంది. మొదట్లో చూసి వదిలేసిన తలుపు, పది గంటల తరవాత దొరికిన పనిముట్టుతో తెరుచుకుంటే కలిగే ఆనందం వేరు. అన్ని తలుపులూ తీసి ఉన్న ఇంట్లో ఆ ఆనందం దొరకదు.

అవోనుమా గారు మాత్రం ఇక నుంచి ఇదే కొత్త బాట అంటున్నారు. పరిమితులున్న పాత ఆటలు మళ్ళీ కావాలనడం గతం మీది మమకారమేమో అన్న ధోరణిలో 2023లో మాట్లాడారు.

మరి ఏం చెయ్యాలి?

మార్చడం తప్పు కాదు, మార్చకపోతేనే ముప్పు వచ్చేది. కానీ నిర్మాతలు గమనించాల్సింది ఇంకోటుంది. రెండో భాగానికే నేలంతా తెలిసిన హైరూల్! ఆకాశంలో దీవులూ, పాతాళంలో చీకటీ చేర్చి నెట్టుకొచ్చారు. మూడోసారీ అదే బయలు, అవే గుళ్ళు అంటే, స్వేచ్ఛ కూడా మూసే అవుతుంది.

ఆశ కలిగించేది 2024 సెప్టెంబరులో వచ్చిన చిన్న ఆట ‘ఎకోస్ ఆఫ్ విజ్‌డమ్’. ఈసారి రాకుమారే వెళ్ళి లింక్‌ను కాపాడుతుంది! మంచాలు సృష్టించి, వాటిని పేర్చి వంతెన కట్టేస్తుంది. అందులో నేలమాళిగలూ ఉన్నాయి, వాటిని దాటడానికి ఎవరి తెలివి వాళ్ళదే. దర్శకుల్లో ఒకరు తొమొమి సానో. ఈ సిరీస్‌కి దర్శకత్వం వహించిన మొదటి మహిళ ఆవిడే. పాతా కొత్తా ఒకే వరలో ఇముడుతాయనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

తలుపుకి తాళం వెయ్యండి, వెయ్యకపొండి... మీ ఇష్టం. అవతల ఏముందో ముందే తెలిసిపోతే మాత్రం లాంతరు పట్టుకునే కుర్రాడు దొరకడు!