మీ పెరట్లో తొండలెన్ని?

మీది కరీంనగర్ జిల్లా చొప్పదండి అయినా, ఆ పక్కనున్న ఏ ఊరైనా ఇంటి వెనుక ప్రహరీ గోడ మీద ఎండ కాచుకునే తొండ ఒకటి ఉండే ఉంటుంది. నిన్న కనిపించిందీ, ఇయ్యాల కనిపించిందీ ఒకటేనా? ‘ఏదైతే ఏంది, అన్నీ ఒక్కతీరే ఉంటయి’ అంటారా? కొంచెం నిదానంగా చూడండి. వీపు మీది మచ్చలు, కంటి చుట్టూ గీతలు, పాత గాయాలు కలిపి చూస్తే ఒకదానికొకటి తేడా తెలుస్తుంది. ఆ తేడా పట్టుకోవడం వన్యప్రాణి పరిశోధనలో కీలకమైన పని. నేర్చుకోవడానికి అడవికే పోవాల్సిన పనిలేదు. ఒక ఫోను, ఒక నోట్‌బుక్, కాస్త ఓపిక చాలు.

పులికైనా ఇదే సూత్రం

పాత ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. ఇలాంటి అడవుల్లో కెమెరాలకు చిక్కిన ఫొటోల్లోని చారలను బట్టే పులులను లెక్కిస్తారు. మన వేలిముద్రల్లాగే ఏ పులి చారలు దానివే. అదే పులికి కుడి పక్క ఒకలా, ఎడమ పక్క మరోలా ఉంటాయి. అందుకే దారికి రెండు వైపులా కెమెరాలు పెడతారు. సముద్ర తాబేళ్లనైతే ముఖం మీది పొలుసుల అమరికతో గుర్తుపడతారు. ఒకప్పుడు బల్లులు, తొండల కాలి వేళ్ల కొసలు కత్తిరించి గుర్తు పెట్టుకునేవారు. ఫొటోతో ఆ హింస తప్పింది.

మచ్చలు చూసి పోల్చుకోవడం మనకు కొత్తేం కాదు. ‘పొడ’ అంటే మచ్చ. కోరమాండల్ తీరపు పాముల మీద ప్యాట్రిక్ రస్సెల్ 1796లో తెచ్చిన పుస్తకంలో ఒక విషసర్పానికి తెలుగు పేరే ఉంది: కాటుక రేకుల పొడ. మనం రక్తపింజర అనేది దాన్నే. ఇంగ్లిష్‌లో అది రస్సెల్స్ వైపర్ అయింది. మన పెద్దలు మచ్చలతో జాతిని పోల్చుకున్నారు. మీరు ఇంకో మెట్టెక్కి ఆ జాతిలో ఒక్కో ప్రాణినీ పోల్చుకోవాలి.

ఏం చూడాలి?

రంగును నమ్మొద్దు. జత కట్టే కాలంలో మగ తొండ గొంతు ఎర్రబడుతుంది. వేడిని బట్టి కూడా ఒంటి రంగు మారుతుంది. మచ్చ ఎంత ముదురుగా ఉందన్నది వదిలేసి, ఎక్కడ ఉందన్నది చూడండి. తోకను కూడా గమనించండి. బల్లికి తెగిన తోక మళ్లీ వస్తుంది, తొండకు రాదు. కాబట్టి మొండి తోక తొండకు శాశ్వత గుర్తు. పొర విడిచినా మచ్చల అమరిక చెదరదు. అయితే వయసుతో కొన్ని మారతాయి. ఉడుము పిల్లల ఒంటి మీది మచ్చలు పెద్దయ్యాక మసకబారతాయి. అందుకే అప్పుడప్పుడూ కొత్త ఫొటో తీసి పాతదాని పక్కన పెట్టాలి.

ఎప్పుడూ ఒకే పక్క నుంచి, ఎడమ అనుకుంటే ఎడమ పక్క నుంచే, ఫొటో తీయండి. తేదీ, సమయం, చోటు రాయండి. ఒక్కోదానికి చొ-1, చొ-2 అని నంబరు ఇవ్వండి. ఫొటోలు వందలకు చేరితే ఐ3ఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లున్నాయి. మొదట సొరచేపల కోసం తయారైన ఇది మచ్చల స్థానాలను పోల్చి, దగ్గరగా ఉన్న ఫొటోలను చూపిస్తుంది. చివరి మాట మాత్రం మీ కంటిదే.

లెక్క ఇలా

ఈ వారం ఎనిమిది తొండలను గుర్తించారనుకుందాం. వచ్చే వారం పది కనిపించాయి. వాటిలో నాలుగు పాతవే. 8ని 10తో గుణించి 4తో భాగిస్తే 20. మీ ఆవరణలో సుమారు ఇరవై ఉన్నాయన్నమాట. దీన్ని లింకన్-పీటర్సన్ పద్ధతి అంటారు. ఈలోపు కొత్తవి రాకుండా, ఉన్నవి పోకుండా ఉంటేనే లెక్క సరిగ్గా వస్తుంది. గుర్తుపట్టకుండా చూసినవన్నీ కూడితే పద్దెనిమిది అయ్యేది. అందులో నాలుగింటిని రెండేసిసార్లు లెక్కపెట్టినట్టే, అసలు కంటపడని వాటి ఊసే ఉండదు. వచ్చే ఏడాది తొండలు తగ్గాయో పెరిగాయో చెప్పాలంటే ముందు ఈ ఏడాది లెక్క సరిగ్గా ఉండాలి.

ఒక హెచ్చరిక. దేన్నీ పట్టుకోవద్దు. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉంది. పాము కనిపిస్తే ఫొటో కోసం దగ్గరికి పోవద్దు, వెనక్కి తగ్గండి. కాటు పడితే 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

చదువులు ఎక్కడ?

ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో జువాలజీ ఒక దారి. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పేరున్నవి. అక్కడ ఇంటర్వ్యూలో ‘ఇప్పటిదాకా ఏం చేశావ్?’ అని అడిగితే, ఏడాది పాటు రాసిన పెరటి నోట్‌బుక్ మీ చేతిలో ఉండాలి. ఇంకో సంగతి. గోడ మీద తొండ కనబడితే రాయి అందుకునే తమ్ముడికి ‘అది చొ-3 రా’ అని ఫొటో చూపించండి. రేపు వాడే వచ్చి చెప్తాడు, ‘అక్కా, చొ-3 మల్లొచ్చింది’ అని.