కొబ్బరితోట బొమ్మ లేని డయల్

అమలాపురం వైపు పెళ్లిళ్లలో కెమెరాని తికమక పెట్టేవి మధుపర్కాలు. ఫ్రేము నిండా తెల్లబట్ట రాగానే ఆటో మోడ్ వెలుతురు తగ్గించేస్తుంది. బట్ట మాసినట్టు, మొహాలు నల్లగా వస్తాయి. తప్పు మీటర్‌ది కాదు. దానికి పెళ్లికూతురు తెలీదు. లోకమంతా కలిపితే 18 శాతం వెలుతురును తిప్పికొట్టే బూడిదరంగని నమ్మి లెక్క కడుతుంది. నల్లగేదెని చూపించినా ఆ బూడిదలోకే లాగుతుంది.

ఈ లెక్కకి వయసెక్కువే. 1938లో వచ్చిన కొడాక్ సూపర్ సిక్స్-20లో, వెలుతురు తగిలితే సెలీనియం పలకలో కరెంటు పుట్టి సూది కదిలేది. సూది ఆగినచోటును బట్టి అపెర్చర్ దానంతటదే సర్దుకునేది. ధర 225 డాలర్లు; కొన్నవాళ్లు తక్కువే. 1976లో కానన్ ఏఈ-1 ఈ పని మైక్రోప్రాసెసర్‌కి అప్పగించింది. 1983లో నికాన్ ఎఫ్ఏ దృశ్యాన్ని ఐదు ముక్కలుగా కొలిచి, వాటి తేడాలను బట్టి వెనక ఎండ ఉందేమోనని ఊహించింది. నన్నడిగితే అసలు మలుపు ఇదే. అంతవరకూ కొలవడమే, ఇక్కణ్ణుంచి ఊహించడం.

డిజిటల్ కెమెరా డయల్ మీది బొమ్మలు ఆ ఊహకి మనం అందించే మాటసాయం. బీచ్ బొమ్మ పెడితే, ఇక్కడ మెరుపు నిజమేనని తెలిసి కెమెరా వెలుతురు తగ్గించదు. మిట్టమధ్యాహ్నం అంతర్వేది ఇసుకకి అది చాలు. సూర్యాస్తమయం బొమ్మ ఎర్రదనాన్ని 'సరిదిద్దకుండా' వదిలేస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ఊరి దేవుడి ప్రభ కౌశిక నది దాటుతుంటే మోసేవాళ్లు ఆగరు, మనకి డయళ్లు తిప్పే తీరికుండదు. అక్కడ పరుగెత్తే మనిషి బొమ్మే మేలు, షట్టర్ వేగం అదే పెంచుకుంటుంది. మాన్యువలే గొప్పనేవాళ్లు ఆ నీళ్లలో ఒకసారి నిలబడి చూడాలి.

పెళ్లిపందిట్లో మాత్రం మాన్యువలే నయం. వెలుతురు మారనంతసేపూ మొహానికి ఒకసారి కొలిచి షట్టర్, అపెర్చర్, ఐఎస్ఓ ఖాయం చేసుకుంటే, ఎదురుగా మధుపర్కాలొచ్చినా నల్లకోటొచ్చినా మొహం మారదు.

కొబ్బరితోట బొమ్మని మాత్రం నేను ఏ డయల్ మీదా చూడలేదు. మట్టల సందుల్లోంచి ఎండపొడ, పక్కనే దట్టమైన నీడ. ఈ తేడా చాలాసార్లు సెన్సర్ హద్దు దాటిపోతుంది. ఎండని వదులుకోవాలా, నీడనా? అది తీసేవాడే తేల్చుకోవాలి. పైగా ఆకుల పచ్చదనం మొహాలకి అంటుకుంటుంది; వైట్ బ్యాలెన్స్ కూడా చేత్తో పెట్టుకోవాల్సిందే. ఇప్పటి ఫోన్లు ఎక్కువ తక్కువ వెలుతురుల్లో వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలిపేస్తున్నాయి. ఎండా నీడా రెండూ దక్కుతాయి. ఈలోగా గాలొచ్చి మట్ట ఊగిందా, ఒక్కోసారి ఒకే ఆకు రెండుగా పడుతుంది.